రెండో గొంతు

మిర్యాలగూడ, సాగర్ రోడ్డు.
మోటర్ వైండింగ్ షాపు పక్క షట్టరు మాది.
రాత్రి తొమ్మిదైనంక సగం దించుకొని
లోపట పాట మొదలుపెడ్తం.

పదకొండేండ్ల సంది బేస్ గిటారు నాది.
పెండ్లిళ్ళల్ల, రిసెప్షన్లల్ల
ఎవలూ చూడని మూల నాది.
నోరు తెరిచే పని లేకుండె.

ఒకనాడు రూతమ్మ అన్నది:
"వేళ్ళతోని కింది స్వరం పట్టేటోనివి,
గొంతుతోని పై స్వరం పట్టలేవా?"
పొద్దంత ఏరియా దవాఖానల నర్సు,
ఆదివారం చర్చి కొయిర్ల రెండో వరుస,
మా ఆర్కెస్ట్రాల ఆడగొంతు ఆమెనే.
"నాగమల్లేశ్ పాడ్తడు. నువ్వు పక్కపొంటి పోవాలె.
కలవొద్దు. దూరం కావొద్దు."
అత్తగారింట్ల అల్లుడున్నట్టా, అని నవ్విన.
అట్లనే, అన్నది, నవ్వకుంట.

వరి ఒడ్డు మీద నడిచేటోడు మడిల జారినట్టు
రెండడుగులకే నాగమల్లేశ్ పాటల పడేటోన్ని.
పుట్టినకాంచి
ఒక పాటకు ఒకటే దారి అనుకున్న చెవి నాది.

మా నాయిన ఒగ్గుకథల వంత.
కథకుడు ఇడిసిన మాటను
కింద పడకముందే అందుకునేటోడు,
అదే మాట, అదే ఎత్తు.
రాత్రంత అట్ల నిలబడ్డోని పనిని
పొద్దుగాల ఊరు తిట్టు కింద వాడేది:
వాడు సర్పంచికి వంత, వీడు పటేలుకు వంత.
రూతమ్మ చెప్పేది ఇంకోటి.
తానా అంటే తందానా కాదు,
తానాకు ఆనుకొని
తానా కానిది అనుడు.

పక్క షాపుల జానీమియా
బాగుచేసిన మోటర్లను రాత్రిపూట తిప్పి చూస్తడు.
ఐదు హెచ్‌పీ మోటరు ఒక్కతీరుగ మూలుగుతది.
రూతమ్మ గోడకు అరచెయ్యి ఆనిచ్చి
"ఇది సా అనుకో. నువ్వు గా పట్టు. ఇడువకు" అన్నది.
నెల దినాలు మోటరుతోని పాడిన.
జానీమియా గోడ కొట్టి అడిగిండు:
"భాయ్, లోపట ఎవలికన్న కడుపునొప్పా?"

ఎప్పుడన్న కుదిరేది.
కుదిరితే, ఇద్దరి గొంతుల నడుమ
ఎవలూ పాడని మూడోది ఒకటి
పంటి మొదట్ల జివ్వుమనేది.
దాన్ని ఇంకింత ఇందామని ఆశపడి
నాది నేను ఇడిసిపెట్టేటోన్ని.

నా వంతు ఒక్కటే ఫోన్ల రికార్డు చేస్కొని
బండి మీద, నీళ్ళు పోసుకునేకాడ, అదే పాడిన.
సంధ్య పిండి పిసుకుతున్నదల్లా ఆపింది:
"ఇదేం పాట? ఏడ మొదలైతలేదు, ఏడ ఒడుస్తలేదు.
ఎవలో ఫోన్ల మాట్లాడుతుంటె
ఒక దిక్కే ఇన్నట్టున్నది."

హాలియాల పెండ్లి. మొదటిపారి నా ముంగట మైకు.
నాలుగు లైన్లు నిలబడ్డ.
ఐదోదాంట్ల జారిన.
జనమంత బగార మీదున్నరు, ఎవలికీ తెల్వలే.
రూతమ్మ మాత్రం మర్లి చూసింది,
సూది గుచ్చేముందు చూసినట్టు.

మొన్న పొద్దుగాల
మా చిన్నది మైత్రి, రెండో తరగతి,
బూట్ల లేసు కట్టుకుంట కూనిరాగం తీస్తున్నది.
నాదే.
దానికి అసలు పాట తెల్వదు.
ఇంట్ల నేను పాడిందే పాట అనుకున్నది.
మోటరు లేదు, నాగమల్లేశ్ లేడు,
ఏ ఆసరా లేకుంట
ఐదో లైను ఉట్టిగ దాటిపోయింది.

నా వంతును బయట నిలబడి ఇనుడు అదే మొదలు.
గింత పొడుగున్నదా,
గింత ఒంటరిగున్నదా.

మెల్లగ నేను అసలు పాట ఎత్తుకున్న.
పంటి మొదట్ల జివ్వుమన్నది.
మైత్రి కండ్లు పైకెత్తింది:
"నాన్నా, తప్పు పాడుతున్నవు."

తప్పే బిడ్డా, నువ్వైతే ఆపకు, అన్న.
ఒక లేసు కట్టింది. ఒకటి ఏలాడుతున్నది.
గల్లీ మొదట్ల స్కూలు ఆటో
రెండోసారి హారన్ కొట్టింది.